మార్జిన్‌లో ఉన్న మాట

మీరు అభిమానించే నాయకుడు లేదా నాయకురాలు ఎవరు, ఎందుకు. ప్రశ్న ఒక్క వరసలో అయిపోయింది, జవాబుకి మాత్రం ఐదు గీతలు వదిలారు. రికార్డుల ఆఫీసులో వచ్చినవాళ్ళందరికీ ఆకుపచ్చ కాగితం, అట్టకి క్లిప్పు పెట్టి ఇచ్చారు. అట్ట అతని మోకాళ్ళ మీద, పెన్సిలు అతని చేతిలో, పక్కన బావ. బావ చెప్పాలి, అతను రాయాలి. ముప్ఫై నాలుగేళ్ళు చేసింది అదే కదా, ఒకరు చెప్తుంటే తలెత్తకుండా షార్ట్‌హ్యాండులో రాసుకోవడం, నోరు వాళ్ళది చెయ్యి తనది. డెబ్భై ఒకటో ఏట ఐదు గీతలు నింపడానికి అరచెయ్యి ఇలా చెమట పట్టడమేమిటి. పెన్సిలు ముక్కు కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగి ఉంది. అలా ఆపి ఉంచడం అతనికి పాత అలవాటే, మాట పుట్టేసరికి చెయ్యి సిద్ధంగా ఉండాలి. కానీ బావ ఇంకా మొదలుపెట్టలేదు, టీ చల్లారనీ అన్నాడు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని ఊదుకుంటున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో బోర్లా పడి ఉంది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులాగా.

గోడ గడియారం పదకొండు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది. పన్నెండింటికి పిలుస్తానంది రికార్డుల ఆఫీసు అమ్మాయి. ఎదురుగా ఉన్న తలుపు వెనక గదిలో ఒక బల్ల, బల్ల మీద మైకు, మైకు ముందు అతని కుర్చీ. అతను మాటలు రాసుకున్న నాయకుడు, ఆ పెద్దాయన పుట్టి వందేళ్ళయిందని కింది హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. ఆయన కళ్ళజోడు, ఆయన చెప్పులు, ఆయన సంతకాలు పెట్టిన పెన్ను, అన్నిటికీ మధ్యన గాజుపెట్టెలో ఆ నోటుపుస్తకం, ఆ పేజీ తెరిచి. పుస్తకం ఇప్పుడు అతని కాళ్ళ దగ్గర సంచిలో, పాత తువ్వాల్లో చుట్టి ఉంది. "ఆ పేజీ మీరే చదివి పెట్టాలి సార్, ఆ షార్ట్‌హ్యాండు గీతలు మాకెవరికీ రావు. మీరేం చదివితే అదే పక్కన అచ్చు వేయిస్తాం" అంది ఆ అమ్మాయి పొద్దున. మీరేం చదివితే అదే. ఎంత తేలిగ్గా అనేసింది. ఆ పుస్తకం ఉందన్న సంగతి నోరు జారి బయటపెట్టుకున్నదీ అతనే. పోయిన నెల ఎవరో సన్మానసభలో తనని చూపించి, ఈయన్ని పెద్దాయన చెవి అనేవారండీ, అని నలుగురికీ పరిచయం చేస్తే, ఆ పాత పేరు వినగానే ఛాతీలో ఏదో పొంగి, ఆ మాట నేను రాసుకున్న పుస్తకం ఇంకా నా దగ్గరే ఉందండీ అనేశాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఈ వయసులో కూడా పొగడ్తకి అంత తేలిగ్గా అమ్ముడుపోతాడు మనిషి. బావని తీసుకురావాలని అతను అనుకోలేదు. బావే వచ్చాడు, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ. "ఆ మాట పుట్టిన కాగితం కళ్ళారా చూడకుండా పోతానేంట్రా" అన్నాడు.

ఆ మాట. ఒక్కరిని కూడా వదలకండి. పెద్దాసుపత్రి గోడ మీద ఉంది, బడిపిల్లల పుస్తకంలో వరద పాఠం చివర ఉంది, పడవల వాళ్ళ సంఘం జెండా మీద ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళ క్రితం ఏరు పొంగి మిల్లు వెనక పేట మునిగిన రోజు పెద్దాయన అన్న మాట అని అందరికీ తెలుసు. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళని ఒక్కరిని కూడా వదలకండి. ఆ మాట విన్నాక ఆయన్ని తిట్టేవాళ్ళు కూడా తిట్టడం తగ్గించారు. పార్టీలు మారినవాళ్ళు, పన్నులు పెరిగాయని సణిగినవాళ్ళు, ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు మార్చేవాళ్ళు. ఎంతయినా మనిషిరా, అనేవాళ్ళు. ఒక్కరిని కూడా వదలకండి అన్నది ఆయన మాటే. అక్షరం పొల్లుపోదు. అందులోనే ఉంది తిరకాసు. వదలకండి అనే మాటకి రెండు ముఖాలున్నాయి. పిల్లల్ని లెక్కపెట్టుకునే తల్లి అంటే ఒక ముఖం, కుక్కల్ని ఉసిగొలిపేవాడు అంటే ఇంకో ముఖం. ఎవరు ఎవరితో ఎవరి గురించి అన్నారో తెలిస్తే తప్ప మాట ఏ వైపు చూస్తోందో తెలియదు. అది అతని పుస్తకంలో ఉంది. మాటలో కాదు, మార్జిన్‌లో. పుస్తకానికి ఎడమవైపు రెండు వేళ్ళంత వెడల్పు విడిచిపెట్టి, అక్కడ ఎవరితో అన్నారో, ఏ సంగతో, ఎన్ని గంటలకో చిన్నగా రాసుకోవడం అతని పద్ధతి. గురువు దగ్గర నేర్చుకున్నది కాదు, సొంతంగా పెట్టుకున్న పద్ధతి, దాన్ని చూసుకుని మురిసేవాడు కూడా. మాట టైపవుతుంది. మార్జిన్ టైపవదు.

"అలా పెన్సిలు పట్టుకుని జపం చేస్తావేంట్రా. టీ తాగు" అన్నాడు బావ.

"తాగుతాలే. నువ్వు చెప్పు."

"నాకు తొందర లేదు. నీ ఉద్యోగంలా అనుకున్నావా, గంట కొడితే మొదలెట్టడానికి."

బెంచీ అవతలి కొసన కూర్చున్న దర్జీ నవ్వాడు. అతని చేతిలోనూ ఆకుపచ్చ కాగితమే, మెళ్ళో కొలత టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు. అతనికీ కండక్టరమ్మకీ ఇందాకట్నుంచి వాదం నడుస్తోంది. కండక్టరమ్మ రిటైరై పదేళ్ళయినా బస్సులో నించున్నట్టే కాళ్ళు ఎడంగా పెట్టుకుని నించుంది. దర్జీ పెద్దాయనకి చొక్కాలు కుట్టినవాడు. "లోపలి జేబు పెట్టొద్దనేవాడమ్మా. జేబులో చెయ్యి పెడితే పదిమందికీ కనపడాలయ్యా అనేవాడు. ఆ ఒక్క జేబు చాలు నాకు, ఆయనెలాంటివాడో చెప్పడానికి." కండక్టరమ్మ పెదవి విరిచింది. "జేబుదేముంది, కుట్టమంటే నువ్వు ఎక్కడయినా కుడతావు. మా నాయకుణ్ణి చూడు, ఓడిపోయిన మర్నాడు బస్సెక్కి టికెట్టు అడిగి తీసుకున్నాడు. గెలిచినన్నాళ్ళూ నవ్వని మనిషి నా మొహం చూసి నవ్వాడు." ఓడినవాణ్ణి మెచ్చుకుంటావేంటమ్మా అంటే, ఓడినప్పుడే కదా మనిషి కనపడేది అంది. దర్జీ మెళ్ళో టేపు సర్దుకున్నాడు. వింటున్న అతనికి నవ్వు రాబోయి ఆగింది. ఎవరి పనిముట్టుతో వాళ్ళు నాయకుణ్ణి కొలుచుకుంటారు కాబోలు, దర్జీ జేబుతో, కండక్టరమ్మ టికెట్టుతో. ఎంత పెద్ద మనిషయినా చివరికి మన పనిలోకి ఒక్కసారి తొంగిచూసినందుకే మనవాడవుతాడు. మరి తను? తను దేంతో కొలుచుకున్నాడు?

క్రియతో. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. షార్ట్‌హ్యాండు రాసేవాడికి నరకం ఏమిటంటే వాక్యం పూర్తి చెయ్యని నాయకుడు. మొదలుపెడతాడు, మధ్యలో ఇంకోటి గుర్తొస్తుంది, చప్పట్లు పడతాయి, వాక్యం అక్కడే గాలిలో వేలాడుతుంది, రాసేవాడి పెన్సిలు దానికింద చెయ్యి చాపుకుని నించుంటుంది. చేస్తామో చెయ్యమో, ఇస్తామో ఇవ్వమో, మన భాషలో అన్నీ చివర్నే కదా తేలేది. ఇప్పుడు టీవీలో మాట్లాడేవాళ్ళని వింటూ అతను కుర్చీలో కూర్చుని వేళ్ళతో తొడ మీద గీతలు గీస్తుంటాడు, సగం వాక్యాల దగ్గర ఒళ్ళంతా దురద పుడుతుంది. పెద్దాయన అలా కాదు. ఎంత కోపంలో ఉన్నా, ఎంత జ్వరంలో ఉన్నా, క్రియ దాకా నడిచి, అక్కడ కాలు మోపి ఆగేవాడు. మొదటిరోజు, ఇరవై ఏడేళ్ళ వయసులో, ఆయనకి అడుగు దూరంలో బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని మొదటి ఉత్తరం రాసుకుంటున్నప్పుడు, ఆయన మధ్యలో ఆగి, అందుతోందా అబ్బాయ్, అనడిగాడు. అందుతోందండీ అన్నాడు. అంతే, ప్రేమ అంటారో ఏమంటారో, అక్కణ్ణుంచి పడిపోయాడు. తండ్రి ఎప్పుడూ అడగని మాట అది. నాన్న వాక్యాలన్నీ సగంలోనే, ఏరా, ఏదీ, ఛీ, అలాంటివే. పెద్దాయన పూర్తి వాక్యాల పక్కన కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టుండేది. సొంత ఇంట్లో ఎప్పుడూ లేనట్టు.

అందుకేనా ఆ రోజు పెన్సిలు ఆగలేదు? వాన మూడో రోజు. కిటికీలు మూసినా తెరలు తడిసి బరువుగా వేలాడుతున్నాయి. పెద్దాయన ఫైళ్ళ మీద సంతకాలు పెడుతున్నాడు. తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు, ముద్దగా తడిసి, టోపీ చేతిలో. టోపీ అంచునుంచి నీళ్ళు తివాచీ మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. నీళ్ళు పేటలోకి వచ్చాయండీ, మిల్లువాళ్ళ గోడౌను ఎత్తు మీద ఉందని జనం తాళం పగలగొట్టి లోపలికి దూరారు, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉన్నారండీ, యజమాని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, ఏం చెయ్యమంటారు. పెద్దాయన తల ఎత్తలేదు. ఒక్కరిని కూడా వదలకండి అన్నాడు. ఇన్‌స్పెక్టరు కదలలేదు. ఇన్‌స్పెక్టరుకీ రెండు ముఖాలూ కనపడ్డాయేమో, మంచి ముఖం వైపు ఒక అడుగు వేద్దామని చూశాడేమో, అంటే అండీ, అన్నాడు మెల్లిగా. అప్పుడు పెద్దాయన తలెత్తాడు. పగిలింది మిల్లు తాళం, ఇవాళ ఊరుకుంటే రేపు ఇంకో తాళం పగులుతుంది, వెళ్ళండి, అన్నాడు. పూర్తి వాక్యం. క్రియ దాకా. అతను అంతా రాసుకున్నాడు. మార్జిన్‌లో, ఇన్‌స్పెక్టరు, గోడౌను, పది ఇరవై. పేట అన్న మాట చెవిన పడగానే అక్క గుర్తొచ్చింది, అక్క ఇల్లు ఆ పేటలోనే. గుర్తొచ్చింది, నిజం. కానీ పెన్సిలు ఆగలేదు. ఈ ముప్ఫై ఒక్కేళ్ళలో అతను తనని తాను ఎన్నిసార్లు నిలబెట్టి అడిగాడో, ఆ క్షణంలో ఒక్క వంకరగీత అయినా పడిందా అని. పడలేదు. పుస్తకంలో చూసుకున్నాడు కూడా. ఆ పేజీ అతని జీవితంలోకెల్లా అందమైన పేజీల్లో ఒకటి. సన్నగీతలు సన్నగా, లావుగీతలు లావుగా, చుక్కలు ఎక్కడివక్కడ. మరి లేచి బయటికెళ్ళి ఒక్క ఫోను చేసుంటే? పేటలో కిరాణా కొట్టువాడికి ఫోనుంది. నంబరు కూడా తెలుసు. ఇప్పటికీ తెలుసు.

సాయంత్రం ఇంకా ఘోరం. ఘోరం అనుకుంటాడు గానీ అప్పుడు అలా లేదు. పత్రికలకి ఇచ్చే నోటు తయారుచేస్తూ సెక్రటరీ వచ్చి, వరద గురించి పెద్దాయన అన్న మాట ఒక్కటివ్వవయ్యా, గుండెకి తగిలేలా ఉండాలి, అన్నాడు. పుస్తకం మొదటినుంచి తిప్పాడు. ఆ రోజంతా వరద గురించి పెద్దాయన ఒక్క మాట అనలేదు. బదిలీలు ఉన్నాయి, కాంట్రాక్టులు ఉన్నాయి, మనవడి బడి సంగతి ఉంది. నీళ్ళు లేవు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అది ఆగింది. మార్జిన్ మీద బొటనవేలు పెట్టి మూసుకుని మాట ఒక్కటే చూస్తే ఎంత బాగుంది. ముందు రెండు మాటలు చేర్చాడు, నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళని, అని. టైపు చేశాడు. ఎవరూ అలా చెయ్యమనలేదు, అదీ అసలు సంగతి. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ప్రేమించిన మనిషి మాట వికారంగా ఉంటే చూడలేక దానికి తల దువ్వి, మొహం కడిగి, పదిమందిలోకి పంపాడు. పెద్దాయన ఆ నోటు చదివాడు. ఒకచోట కళ్ళు ఆగాయి. కళ్ళజోడు పైనుంచి అతని వైపు చూశాడు, చాలాసేపు. నాకంటే బాగా విన్నావయ్యా, అన్నాడు. కొట్టెయ్యలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ వానలో గొడుగు కింద అతను ఆ మాటని నోట్లో బిళ్ళలాగా చప్పరించుకుంటూ నడిచాడు. నాకంటే బాగా విన్నావయ్యా. మోకాలిలోతు నీళ్ళలో చెప్పులు చేత పట్టుకుని, నవ్వుకుంటూ. ఆ నవ్వు, అది గుర్తొచ్చినప్పుడల్లా స్నానం చేస్తున్నా, అన్నం తింటున్నా, ఉన్నచోట ఉన్నట్టే కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. మనవరాలు చూసి, తాతకి తల నొప్పొచ్చింది అంటుంది.

ఇంటి గుమ్మంలో అక్క ఉంది, తడిబట్టలతో. బావ ఆసుపత్రిలో ఉన్నాడంది. గోడౌను షట్టరు ఇనుపది, స్ప్రింగు పోయి పైన నిలవదు, ఒకరు పట్టుకుని నించుంటే తప్ప మిగతావాళ్ళు దూరడానికి లేదు. బావ పట్టుకుని నించున్నాడు. ఆడవాళ్ళూ పిల్లలూ వంగి లోపలికి వెళ్తున్నారు. పోలీసులు వచ్చి వదలమన్నారు. ఇంకా బయట ఉన్నారండీ అన్నాడట. ఆ చేతి మీదే కొట్టారు, వదిలేదాకా. బావ నూలు మిల్లులో తెగిన దారం కొసలు కలిపేవాడు, పొగలాంటి దారాన్ని రెండు వేళ్ళతో తిప్పితే ముడి కనపడేది కాదు. వార్డులో ఆ చెయ్యి దిండంత కట్టుతో పక్కన పెట్టి ఉంది. కిటికీలో కాంపౌండరు రేడియో వార్తలు చెప్తోంది. పెద్దాయన మాట వచ్చింది. బావ లేచి కూర్చోబోయాడు. "విన్నావుట్రా. ఒక్కరిని కూడా వదలకండి అన్నాడట ఆయన. ఈ వెధవలే, ఈ ఇన్‌స్పెక్టరుగాడే వినలేదు." కళ్ళలో నీళ్ళు. అతను తల ఊపాడు. నోటితో అబద్ధం ఆడలేదు, తల ఊపాడు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ని, పై మాట వినలేదని, ఎక్కడికో దూరం పంపేశారు. బావ ఆ చెయ్యి పట్టుకునే పెద్దాయన ప్రతి సభకీ వెళ్ళాడు. ఎడమ చేత్తో ఓటు వేశాడు. మిల్లు కార్మికుల సంఘం రీడింగురూములో తలుపు పైన ఆ మాట రాయించాడు. చెయ్యి పోయినందుకు ఎప్పుడూ ఏడవలేదు, ఎందుకంటే అది ఒక్క చెడ్డ ఇన్‌స్పెక్టరు చేసిన పని, పెద్దాయన మాత్రం తన వైపే ఉన్నాడు. ఇప్పుడు నిజం చెప్తే ఆ చెయ్యి ఏమవుతుంది, అందుకే చెప్పలేదు, బావ కోసమే చెప్పలేదు, అని ఎన్నేళ్ళు అనుకున్నాడో. అబద్ధం. పెద్దాయన అన్న ఆ మూడు మాటల కోసం చెప్పలేదు. నాకంటే బాగా విన్నావయ్యా. నిజం చెప్తే అవి పోతాయి. బావ చెయ్యి ఒకవైపు, ఆ మూడు మాటలు ఒకవైపు పెట్టుకుని, మాటలే ఉంచుకున్నాడు.

అక్క ఒకసారి అడిగింది. బావ చొక్కాకి గుండీలు పెడుతూ, అతని వైపు చూడకుండా. ఒరేయ్, నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు కదా, నిజంగా అలాగే అన్నాడా ఆయన. అన్నాడక్కా, నా చేత్తోనే రాసుకున్నాను, అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత శుభ్రమైన మోసం మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. అక్క ఆఖరి గుండీ పెట్టి, చొక్కా ముందుభాగం అరచేత్తో సాపు చేసింది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు బావ గుండీలు ఆయనే పెట్టుకుంటాడు, ఒక్కో గుండీకి ఒక్కో నిమిషం. ఇన్‌స్పెక్టరు కూడా ఒకసారి ఎదురయ్యాడు. రిటైరై వెనక వీధిలో ఇల్లు తీసుకున్నాడని తెలిసి, అతను ఆ వీధిలోంచి నడవడం మానేశాడు. అయినా మంగలిషాపులో దొరికిపోయాడు. రెండే కుర్చీలు, రెండిట్లో ఇద్దరూ, మెడ దాకా గుడ్డలు, మొహాలకి నురగ. అద్దంలో కళ్ళు కలిశాయి. మంగలి కత్తి ఇన్‌స్పెక్టరు గొంతు మీద ఉంది కాబట్టి ఆయన మాట్లాడటానికి లేదు. కత్తి తీశాక మెల్లిగా, "మీరు చాలా బాగా రాస్తారండీ" అన్నాడు. అండీ అన్నాడు. వ్యంగ్యమయినా బాగుండేది. ఇరవై ఏళ్ళు ఊరి తిట్లు మోసినవాడు, అలసిపోయినవాడు చెప్పినట్టు చెప్పాడు. ఆయన పోయినప్పుడు పేటనుంచి ఒక్కరూ వెళ్ళలేదు. అతనూ వెళ్ళలేదు.

తలుపు తెరుచుకుంది. రికార్డుల అమ్మాయి తల బయటపెట్టి, "ఇంకో పావుగంట సార్. మీ ఫారాలు అయ్యాయా?" అంది. బావ ఆ పిల్లని ఆటపట్టించడానికి, "మరి నీకెవరిష్టమమ్మా, అందరి చేతా రాయిస్తున్నావు" అన్నాడు. ఆ అమ్మాయి సిగ్గుపడకుండా కొత్త మంత్రి పేరు చెప్పింది. ఎందుకూ, చీరలు బాగుంటాయనా, అన్నాడు దర్జీ. "అది కాదు బాబాయ్ గారూ. మొన్న సభలో లేచి, ఆ నిర్ణయం నాది, పొరపాటు చేశాను అంది. ఎవరి మీదా తొయ్యలేదు. నేను అలా అనే మనిషిని ఇంట్లో కూడా చూడలేదు." కండక్టరమ్మ గట్టిగా నవ్వింది. తలుపు మూసుకుంది. ఆ మంత్రి మాట అతనూ టీవీలో విన్నాడు. తొడ మీద వేళ్ళతో రాసుకున్నాడు కూడా. పొరపాటు చేశాను. క్రియ ఉంది, దాని వెనక చేసినవాళ్ళున్నారు. బాగుంది అనుకుని, వెంటనే ఎందుకో టీవీ కట్టేశాడు.

"సరే, రాయి" అన్నాడు బావ, గ్లాసు కింద పెట్టి. "ఎవరు అన్నచోట పెద్దాయన అని పెట్టు."

పెట్టాడు. "ఎందుకు అన్నచోట?" అన్నాడు. బావ ఆ మాటే రాయమంటాడు, ఎలాగూ రాయాల్సిందే, రాసేసి ఇచ్చేస్తే పన్నెండవుతుంది, లోపలికి వెళ్ళి అదే మాట మైకులో చెప్పి, పుస్తకం గాజుకింద పెట్టించి, ఇంటికి.

బావ గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఆ మాట అందరూ రాస్తారు. నేను వేరేది చెప్తా రాయి. మొదట్లో నాకు ఆయనంటే అంత నమ్మకం లేదు. మిల్లు యజమానితో కలిసి భోంచేసేవాడు కదా. కానీ మా బావమరిది ఆయన పక్కన కూర్చుని ప్రతి మాటా రాసేవాడు. మావాడు ఒకడు అక్కడ ఉన్నాడు, వాడి చెవిన పడకుండా మా మీదకి ఏదీ రాదు, చెడ్డమాటయితే మావాడి చెయ్యి రాయదు, అని ధైర్యం. మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు మంచివాడే అయ్యుంటాడనుకున్నా. అందుకని. అంతే." గొంతు సవరించుకుని, "ఏదీ, చదువు" అన్నాడు.

ఏదీ, చదువు. పెద్దాయన కూడా ప్రతి ఉత్తరం చివరా అదే అనేవాడు. అతను కాగితం వైపు చూశాడు. తెలియకుండానే షార్ట్‌హ్యాండులో రాసేశాడు, ఆకుపచ్చ కాగితం మీద, గీతల్ని పట్టించుకోకుండా. ఈసారి గీతలు వంకరగా ఉన్నాయి. ఒక లావుగీత దగ్గర ముక్కు విరిగి నల్లటి చుక్క పడింది. మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. ఉద్యోగంలో నేర్చుకున్న గొంతుతో, సొంత రంగు లేని గొంతుతో. చెడ్డమాటయితే మావాడి చెయ్యి రాయదు దగ్గర ఆ గొంతు కింద నేల లేకుండా పోయింది. ఆపి, మళ్ళీ చదివాడు.

"బాగుంది" అన్నాడు బావ. "ఇక మామూలు రాతలో పెట్టు, నీ పిచ్చిగీతలు వాళ్ళకేం తెలుస్తాయి."

అతను అట్ట పక్కన పెట్టాడు. వంగి సంచి తీసి, తువ్వాలు విప్పి, పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. బావ ముందుకి వంగి, చూడాలనుకున్నది చూస్తున్న మొహంతో, "ఇదేనా" అన్నాడు. పేజీ వెతకక్కర్లేదు, పుస్తకం దానంతట అదే అక్కడ తెరుచుకుంటుంది.

"ఇది కూడా చదవాలి బావా. నీకు ముందు చదవాలి. మార్జిన్‌తో సహా చదువుతా" అన్నాడు.

చదివాడు. ఇన్‌స్పెక్టరుతో. గోడౌను సంగతి. పది ఇరవై. తాళం పగలగొట్టి దూరారండీ, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారండీ, ఏం చెయ్యమంటారు. ఒక్కరిని కూడా వదలకండి. అంటే అండీ. పగిలింది మిల్లు తాళం, ఇవాళ ఊరుకుంటే రేపు ఇంకో తాళం పగులుతుంది, వెళ్ళండి. అక్కడితో ఆ పేజీలో మాటలు అయిపోయాయి. పుస్తకంలో లేనిది కూడా చెప్పాడు. "నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళని, అన్నది ఆయనది కాదు. నేను చేర్చాను. నన్నెవరూ అడగలేదు."

దర్జీ టేపు కొస వేళ్ళకి చుట్టుకుంటూ నేల చూస్తున్నాడు. కండక్టరమ్మ వచ్చి బెంచీ మీద కూర్చుంది. బావ ఎడమ చెయ్యి మెల్లిగా కదిలి కుడి చేతి మీదకి వెళ్ళి, దాన్ని కప్పింది. గడియారం తన పని తను చేసుకుంటోంది.

"మీ అక్కకి చెప్పావా?"

"లేదు."

"అడిగిందా?"

"అడిగింది."

బావ తల ఊపాడు, ఆ రోజు వార్డులో అతను ఊపినట్టే, నెమ్మదిగా. ఇన్‌స్పెక్టరుగాడు, అన్నాడు, అని ఆగాడు. ఆ వాక్యం అక్కడే వేలాడింది, అతని పెన్సిలు దాని కింద ఎదురుచూసింది, క్రియ రాలేదు. ఈలోగా తలుపు తెరుచుకుంది. "రండి సార్, టైమయింది" అంది రికార్డుల అమ్మాయి. బావ లేచాడు. ఎడమచెయ్యి చాచి, "ఆ పెన్సిలు ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాడు. బావ దాన్ని జేబులో పెట్టుకున్నాడు, పైజేబులో, కనపడేలా. ఆకుపచ్చ కాగితం బెంచీ మీదే వదిలేసి ముందుగా గదిలోకి నడిచి, మైకు ముందు అతని కుర్చీ లాగి, పక్కన తను నించున్నాడు.

"కూర్చో" అన్నాడు. "ఇందాక చదివినట్టే చదువు. మార్జిన్ నుంచి."